గుమ్మం చదువు

కొండకింద తేనెపెట్టెల తోట,
సోమవారం.

ఒరే తమ్ముడూ,

వచ్చి మూడు వారాలైంది. ఇన్నాళ్లూ ఉత్తరం రాయలేదని మూతి ముడుచుకుని ఉంటావు. ఏం రాయమంటావురా? ఈ మూడు వారాలూ నేను చేసిన పని ఒక్కటే. ముక్కాలిపీట మీద కూర్చుని తేనెపెట్టె గుమ్మం కేసి చూడటం.

నవ్వకు. ఇరవై రెండేళ్లు కళ్లద్దాల షాపులో అద్దాలు అరగదీసినదాన్ని. షాపు మూసేశాక ఈ వయసులో కొత్త పని నేర్చుకుంటానని బయల్దేరితే, "మా అక్కకి ఈగలు తోలుకునే ఉద్యోగం దొరికింది" అని మరదలితో అన్నావట. నాకు చేరింది. నిజమేరా, ఉన్నమాటే అన్నావు.

నాకు నేర్పే పెద్దాయన్ని ఇక్కడ అందరూ పొగాయన అంటారు. ఈగల్ని మెత్తబరచడానికి పొగ ఊదే డబ్బా ఒకటుంటుంది, అది ఆయన చేతిలోంచి దిగదు. డెబ్బై దాటాయి. భార్య లేదు. కూతురు పట్నంలో ఉంటుంది. పెట్టెలు ముప్ఫైరెండు, మనిషి ఒక్కడు. పాత అలవాటు కదా, వచ్చిన రోజే ఆయన కళ్లు చూశాను. అద్దంతో తీరే చూపు కాదు, కంటినరమే ఎండిపోతోంది. మనుషుల్ని, చెట్లని పోల్చుకుంటారు గానీ అక్షరాలు చదవలేరు. వచ్చే ఉత్తరాలు నేనే చదివి పెడుతున్నాను. నువ్వు రాసేవి కూడా "మీ తమ్ముడేమంటాడు, చదువు" అంటారు. కాబట్టి వెటకారాలు కాస్త తగ్గించి రాయి. ఈ కొండ చాటున ఫోన్ అందదు, ఉత్తరమే దిక్కు.

పెట్టె మూత ఎప్పుడు తీయనిస్తారని మొదటిరోజే అడిగాను.

"ఎవరింటికైనా వెళ్తే తిన్నగా వంటింట్లోకి దూరతావామ్మా? గుమ్మం దగ్గర ఆగవూ? ముందు గుమ్మం చదువు. అది వచ్చాక మూత సంగతి చూద్దాం" అన్నారు.

ఇప్పుడిప్పుడే అక్షరాలు కూడుకుంటున్నాయి. కాళ్లకి పసుప్పచ్చటి పుప్పొడి మూటలు కట్టుకుని లోపలికి పోతున్నాయంటే లోపల రాణి గుడ్లు పెడుతోందని, తినే పిల్లలున్నారని అర్థం. గుమ్మంలో తల దించి తోక ఎత్తి రెక్కలు కొడుతున్నవి లోపలికి గాలి విసురుతున్నాయి. ఒక్కొక్కటి తనంత బరువున్న శవాన్ని ఈడ్చుకొచ్చి దూరంగా పడేసి వస్తుంది. మధ్యాహ్నం ఎండ తగ్గుతుంటే లేత ఈగలు బయటికొచ్చి, పెట్టెకేసి మొహం తిప్పి, గాల్లో ఊగుతూ తమ ఇల్లు గుర్తుపెట్టుకుంటాయి. బడి వదిలినట్టుంటుంది.

నన్ను కదిలించిందేంటో చెప్పనా? పుట్టగానే ఇల్లు తుడిచే పని. తర్వాత పిల్లల్ని సాకడం. ఆ తర్వాత మైనంతో గదులు కట్టడం, కాపలా కాయడం. పూల కోసం బయటికి పోవడం ఆఖరి పని. ఎండా వానా పిట్టల నోళ్లూ ఉన్న బయటి లోకంలోకి ముసలివాళ్లనే పంపుతాయిరా అవి. పోతే తక్కువ నష్టమని.

మరదలికి చెప్పు, ఈగలు రెండుసార్లు కుట్టాయి, బతికే ఉన్నానని.

మీ అక్క


నిమ్మతోట షెడ్డు,
శుక్రవారం.

అక్కా,

నీ ఉత్తరం నీ మరదలే పైకి చదివింది. పిల్లల్ని సాకడం దగ్గరికొచ్చేసరికి ఆగి నాకేసి చూసింది. "మీ అక్కయ్య మీతో ఆ పని ముందే చేసేసిందిగా" అంది. నిజమే కదా. అమ్మ పోయేటప్పటికి నాకు నాలుగేళ్లు, నీకు పదకొండు. నన్ను చంకనేసుకునే బడికెళ్లేదానివి.

పెద్దాయనకి నమస్కారాలు చెప్పు. వెటకారం ఈసారి లేదు. అసలు సంగతి వేరే ఉంది, మొహమాటపడుతూనే రాస్తున్నాను.

కౌలుకి తీసుకున్న ఈ నిమ్మతోటలో నాకిది మొదటి పూత. చెట్లు తెల్లగా విరగబూశాయి. కానీ పూత పూతగానే రాలిపోతోంది, పిందె నిలవడం లేదు. తోటమేస్త్రి అంటాడూ, చుట్టుపక్కల తోటల్లో ఏళ్ల తరబడి మందులు కొట్టీ కొట్టీ ఇక్కడ ఈగా దోమా మిగల్లేదట. పూవు మీద వాలే పురుగే లేకపోతే పిందె ఎక్కడ్నుంచి వస్తుంది? ఈ కాపు తప్పితే తోట యజమాని నన్ను ఉండనివ్వడు.

మీ పెద్దాయన పెట్టెలు కొన్ని ఒక నెల రోజులు పంపిస్తారా? ఆయనకి నిమ్మపూల తేనె, నాకు పిందెలు. ఆయన్ని ఇబ్బంది పెట్టకు, వీలుంటేనే అడుగు. అంటే, తప్పకుండా అడుగు.

నీ తమ్ముడు


తేనెపెట్టెల తోట,
బుధవారం.

ఒరే తమ్ముడూ,

నీ ఉత్తరం చదివి వినిపించాను. "తప్పకుండా అడుగు" దగ్గర నవ్వారు. నవ్వి, వీల్లేదన్నారు. రెండ్రోజులు ఆ ఊసెత్తలేదు. మూడోరోజు పొగడబ్బాలో పీచు కుక్కుతూ, "మీ తమ్ముడు మాట మీద నిలబడేవాడేనా?" అని అడిగారు.

"నేను పెంచానండీ" అన్నాను.

"అయితే నీ మాట మీద ఇరవై పంపిస్తాను. వాణ్ణి నేను చూడలేదు. నిన్ను చూశాను."

ఆ ఇరవై పెట్టెలూ ఆయన దగ్గరున్న వాటిల్లో మేలైనవిరా.

పంపే ముందు వాటికి మందు పెట్టాం. ఈగల ఒంటికి ఎర్రటి పేనులాంటి పురుగు పట్టి రక్తం పీలుస్తుంది. దాన్ని వదిలించడానికి ఘాటైన ద్రావకంలో అట్టముక్క తడిపి పెట్టెలో పెడతారు. రెండు మూడు వారాలు మెల్లగా ఆవిరవుతుంది. కాస్త తగ్గితే పేను చావదు, కాస్త ఎక్కువైతే ఈగలే చస్తాయి. ఆయన సిరంజితో పోస్తుంటే దాని మీది కొలత గీత నన్ను చూడమన్నారు. ఇరవై పెట్టెలకీ పోశారు, ఒక్కసారి కూడా చుక్క అటూ ఇటూ కాలేదు. చూపు పోతున్నా ఆయన వేళ్లకి కళ్లున్నాయి.

ఇప్పుడు నీకు చెప్పాల్సింది. జాగ్రత్తగా చదువు. పెట్టెలున్నన్నాళ్లూ చెట్లకి పురుగుమందు కొట్టకు. తప్పనిసరైతే ముందురోజు సాయంత్రం, ఈగలన్నీ ఇంటికి చేరాక, గుమ్మాలు జాలీతో మూసి పెట్టెల్ని దూరంగా జరిపించు. పొద్దుటిపూట, పూలమీద ఈగలుండగా మాత్రం కొట్టనే కొట్టకు. ఒట్టు వేయించుకోమన్నారు. వేసినట్టే రాసి పంపు.

ఇంకోటి. రోజూ ఓ అరగంట ఆ గుమ్మాల ముందు కూర్చుని ఏం కనబడితే అది రాయి. ఇక్కడ ఆయన వింటారు. నువ్వు రాసిందాన్ని బట్టి అక్కడ పెట్టెలోపల ఏముందో చెప్పగలనంటున్నారు.

మీ అక్క


నిమ్మతోట షెడ్డు,
ఆదివారం.

అక్కా,

ఒట్టు. పెద్దాయనకి చెప్పు, ఒట్టేనని.

పెట్టెలు దించి ఎనిమిది రోజులైంది. తోటంతా ఒకటే జుమ్మని మోత. చెవిలో జోరీగ అంటారు గానీ ఈ మోత వింటూ కూర్చుంటే నిద్దరొస్తుంది. అరగంట కూర్చోమన్నావు, గంటన్నర కూర్చుంటున్నాను. పని మానేసి ఈగలకి కాపలా కాస్తున్నానని మేస్త్రి సణుగుతున్నాడు.

చూసింది రాస్తున్నాను. పుప్పొడి లేతపసుపు రంగులో వస్తోంది. షెడ్డు పక్కన కారే కుళాయి దగ్గర వరసకట్టి నీళ్లు తాగుతున్నాయి. నాలుగో పెట్టె దగ్గర నిన్న పెద్ద గొడవ. నల్లగా నున్నగా ఉన్న ఈగ ఒకటి పక్కనుంచి దూరబోతే కాపలావి రెండూ దాని కాళ్లు పట్టుకు ఈడ్చేశాయి. దొంగతనానికొచ్చినట్టుంది. నీ మరదలు మొదట గోనెసంచి కప్పుకుని దూరంగా నిలబడేది. ఇప్పుడు పక్కన పీటేసుకుంటోంది. అడ్డంగా కూర్చుంటే దారికి అడ్డమని నన్ను కసురుతోంది కూడా.

మొన్న ఓ కొమ్మ వంచి చూశాను. పూతరాలిన చోట ఆవగింజంత పచ్చటి పిందె. నీకెలా చెప్పాలో తెలియడం లేదక్కా. ఏదో ఒకటి నా చేతిమీద నిలబడింది, మొదటిసారి.

ఆకుల అడుగున మాత్రం సన్నటి పురుగు కనబడుతోంది. అంత కంగారు లేదులే.

నీ తమ్ముడు


నిమ్మతోట షెడ్డు,
గురువారం.

అక్కా,

చూసింది చూసినట్టు రాయమన్నావు. రాస్తున్నాను.

నిన్న పదకొండింటి నుంచి పెట్టెల ముందు ఈగలు పడిపోతున్నాయి. కొన్ని వెల్లకిలా పడి గిరగిరా తిరుగుతున్నాయి. కొన్ని ఒణుకుతూ పాకుతున్నాయి, ఎగరలేకపోతున్నాయి. తోటలోంచి తిరిగొచ్చిన వాటిని కాపలావే గుమ్మంలోంచి నెట్టేస్తున్నాయి, సొంతవాళ్లనే. పొద్దున వెళ్లినవి సగానికి సగం రానేలేదు. చచ్చినవాటి నాలుకలు సన్న దారంలా బయటికి చాచుకుని ఉన్నాయి. చేట నిండా ఊడ్చాను, మళ్లీ అంతే పడ్డాయి.

ఇది ఏదైనా జబ్బా అక్కా? ఆయన్ని అడిగి చెప్పు.

నీ తమ్ముడు


తేనెపెట్టెల తోట,
శనివారం.

తమ్ముడూ,

నీ ఉత్తరం ఆయనకి చదివాను.

లారీ మంగళవారం వస్తుంది. పెట్టెలన్నీ ఎక్కించి పంపెయ్యి. చచ్చినవాటిని గొయ్యి తీసి పూడ్చు. పెట్టెల అడుగున ఉన్నవాటిని కూడా దులిపేసి పంపు. ఒక్కటీ మిగలకూడదు.

నేను నిన్ను ఏమీ అడగడం లేదు. నువ్వూ ఏమీ రాయకు. ఇక్కడికి ఈ విషయం మీద ఇంకో ఉత్తరం రాకూడదు.

అక్క


నిమ్మతోట షెడ్డు,
బుధవారం.

అక్కా,

చెప్పినట్టే పంపాను. ఆయనేమన్నారు? చాలా బాధపడ్డారా? మిగిలినవి కోలుకుంటాయంటారా?

ఇక్కడంతా బాగానే ఉంది. పిందె బాగా నిలిచింది. నీ మరదలు ఎందుకో నాతో సరిగ్గా మాట్లాడడం లేదు. నువ్వు కులాసాగా ఉన్నావని ఓ ముక్క రాయి.

నీ తమ్ముడు


కుట్టుమిషన్ల షాపు పైన గది,
ఆదివారం.

తమ్ముడూ,

నాలుగు నెలల్లో నువ్వు రాసిన మూడు ఉత్తరాలకీ జవాబివ్వలేదు. కోపమనుకుని ఉంటావు. కాదు. రాయడం మొదలుపెడితే అంతా రాయాల్సొస్తుందని భయం. ఇవాళ రాస్తున్నాను.

తోట లేదు. పొగాయన మిగిలిన పెట్టెలన్నీ దూరం ఊరివాళ్లకి ఇచ్చేసి కూతురింటికి వెళ్లిపోయారు. కూతురికి పట్నం బస్టాండు వెనక నాలుగో అంతస్తులో ఇల్లు. వెళ్తూ నాకు రెండు పెట్టెలిచ్చారు. ఈ గది డాబా మీద పెట్టుకున్నాను.

ఎందుకు వెళ్లిపోయారో చెప్తాను. నీ ఉత్తరం వచ్చిన రోజు ఆయన అరుగు మీద కూర్చుని, ఈగలు పట్టు కట్టే చట్రాలకి తీగ బిగిస్తున్నారు. "చదువమ్మా" అన్నారు. పైకి చదివేముందు నాలో నేను చదువుకున్నాను. గిరగిరా తిరగడం, సొంతవాళ్లనే నెట్టేయడం, నాలుకలు చాచుకుని చావడం. మూడు నెలలు కూడా నిండని శిష్యురాల్ని, నాకే తెలిసిపోయిందిరా. అది పూలమీద కొట్టిన మందు. జబ్బైతే అలా ఒక్కపూటలో ఊడ్చుకుపోదు. నాకు తెలిసింది ఆయనకి తెలియకుండా ఉంటుందా?

అందుకని వదిలేసి చదివాను. "ఈగలు పడిపోతున్నాయి, చాలా చచ్చిపోయాయి, ఇది జబ్బా అని అడుగుతున్నాడు" అని చదివి మడిచేశాను.

"నాలుకలు బయటికున్నాయా? అదేమైనా రాశాడా?" అన్నారు.

"అలాంటిదేం రాయలేదండీ" అన్నాను.

"మందేమైనా కొట్టాడంటావా?"

"ఒట్టేసినవాడు కొట్టడండీ."

ఆయన నా మాట నమ్మారు. నమ్మి, తీగ చుట్ట పక్కన పెట్టేశారు. పెట్టెలు తిరిగొచ్చాక మూతలు తీసి వేళ్లతో తడిమి చూశారు. ఇరవైలో పద్నాలుగు ఖాళీ. సాకేవాళ్లు లేక లోపల పిల్లలు చలికి చచ్చి ఉన్నాయి. నువ్వు నేను చెప్పినట్టే శుభ్రంగా దులిపి పంపావు, పోల్చుకోవడానికి ఒక్క శవం కూడా లేదు.

ఆ సాయంత్రం అడిగారు. "అమ్మా, నిజం చెప్పు. ఆ రోజు సిరంజి గీత నువ్వు చూశావుగా. నా చేతిలోంచి ఎక్కువ పడిందా?"

పడలేదు అనాలి. ఒక్క మాట. కానీ పడలేదంటే, మరి దేనివల్ల చచ్చాయని అడుగుతారు. ఆ తర్వాతి ప్రశ్న నీ దగ్గరికొస్తుంది.

"గుర్తు లేదండీ" అన్నాను.

అంతే. అరిచినా బాగుండేది. లేచి పొగడబ్బా కడిగి గూట్లో పెట్టారు. మర్నాటి నుంచి పెట్టెల దగ్గరికి రావడం మానేశారు. నేనొక్కదాన్నే చూసుకునేదాన్ని. "రండి, ఓసారి చూసి చెప్పండి" అంటే, "చెయ్యి నమ్మకం పోయినవాడు ఈగల దగ్గరికి రాకూడదమ్మా" అనేవారు. భోజనం దగ్గర గ్లాసు ఎత్తినా చేతికేసి చూసుకునేవారు. నెల తిరక్కుండా కూతురికి కబురు పెట్టమన్నారు.

వెళ్లేరోజు కారెక్కుతూ నాతో ఏమన్నారో తెలుసా? "నీ తమ్ముడికి నావల్ల చెడ్డపేరు రాలేదు కదా? నా పెట్టెల్ని పెట్టుకున్న పాపానికి అంత చావు చూశాడు కుర్రాడు" అన్నారు.

తేలు కుట్టిన దొంగలా నిలబడ్డానురా. 

అప్పుడు నేను నిన్నేమీ అడగలేదు, ఇప్పుడు అడుగుతున్నాను. ఏం జరిగింది?

అక్క


నిమ్మతోట షెడ్డు,
సోమవారం.

అక్కా,

నీ ఉత్తరం అందిన మర్నాడే బయల్దేరాను. వెళ్లొచ్చి రాస్తున్నాను. ముందు నువ్వడిగింది.

ఆ బుధవారం పొద్దున ఎనిమిదింటికి మందుకొట్టే మిషన్‌వాడొచ్చాడు. ఈ చుట్టుపక్కల అందరికీ అదొక్కటే మిషన్. ఇవాళ కాకపోతే మళ్లీ పదిహేను రోజులకే అన్నాడు. ఆకుల కింద పురుగు అప్పటికే కొమ్మలకి ఎక్కింది. మబ్బు పట్టింది, ఆ ముసురుకి పురుగు ఇంకా రెచ్చిపోతుందని భయం. నీ మరదలు అడ్డంగా నిలబడి, "కనీసం రేపటిదాకా ఆగండి, ఆయనకి మాటిచ్చారు" అంది. నేను దాన్ని పక్కకి నెట్టాను. నెట్టానక్కా, చేత్తో. అది నాతో మాట్లాడకపోవడం అందుకే.

పూలమీద ఈగలున్నాయని నాకు తెలుసు. మోత వినబడుతూనే ఉంది. మిషన్ మోత మొదలయ్యాక అది వినబడలేదు.

మర్నాడు నీకు రాసేటప్పుడు, నువ్వు ఏదో జబ్బు పేరు చెప్తావని ఎంత ఆశపడ్డానో. నువ్వు "ఏమీ అడగడం లేదు" అని రాయగానే ప్రాణం లేచొచ్చింది. ఇప్పుడనిపిస్తోంది, ఆ రోజే అడిగి నన్ను చావగొట్టి ఉంటే బాగుండేదని. చిన్నప్పుడు పక్కింటి కిటికీ అద్దం నేను పగలగొడితే నువ్వు తన్నులు తిన్నావు. నా తప్పులన్నీ నీ కొంగుకింద దాస్తూనే వచ్చావు, నేను దూరుతూనే వచ్చాను. నిన్ను తప్పుపట్టడం లేదు. నాకు నలభై నిండబోతున్నాయి, కొంగుకింద పట్టే వయసా ఇది?

నాలుగో అంతస్తు. తలుపు ఆయన కూతురు తీసింది. ఆయన కిటికీ పక్కన కుర్చీలో ఉన్నారు. కింద బస్సుల హారన్లు. ఆయన చాలా చిన్నమనిషక్కా, నేను ఇంకా పెద్దగా ఊహించుకున్నాను. ఫలానా అని చెప్పగానే, "రా నాయనా, రా" అంటూ లేవబోయారు. ఆ మర్యాద చూశాక కూర్చోబుద్ధి కాలేదు. నిలబడే చెప్పేశాను.

అంతా విని, "ఎన్నింటికి కొట్టావు?" అన్నారు.

"ఎనిమిదిన్నరకండీ."

"పూత నిండుగా ఉందా?"

"ఉందండీ."

"నాలుకలు?"

"బయటికి చాచుకుని ఉన్నాయి. అక్కకి ఉత్తరంలో రాశాను."

"రాశావా?" అని నాకేసి తిరిగారు.

అక్కడ అబద్ధమాడాలనిపించింది, నీ కోసం. లేదండీ మర్చిపోయాను అందామనుకున్నాను. నోటిదాకా వచ్చింది. కానీ మళ్లీ అదే పని కదా, ఈసారి నేను నిన్ను దాచడం. "రాశానండీ" అన్నాను.

"నాకు చదివింది వేరు" అన్నారు.

కూతురు ఏదో అనబోతే చెయ్యెత్తి ఆపారు. "మరి గీత? సిరంజి గీత?" అన్నారు.

"మీరు చుక్క అటూ ఇటూ కాకుండా పోశారని అక్క నాకు అప్పుడే రాసింది. ఆ ఉత్తరం నా దగ్గరుంది" అన్నాను. జేబులోంచి తీసిచ్చాను. ఆయన చదవలేరని తెలిసీ ఇచ్చాను. కూతురు తీసుకుని ఆ భాగం పైకి చదివింది. ఆయన వేళ్లకి కళ్లున్నాయని నువ్వు రాసిన చోట ఆ అమ్మాయి ఆగి, ఆ ముక్క రెండోసారి చదివింది.

ఆయన రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకుని, "అయితే నా చెయ్యి తప్పలేదు" అన్నారు. కాసేపటికి మళ్లీ అదే మాట. మాకు చెప్తున్నట్టు లేదు.

క్షమించమని అడిగాను. "నీ మీద కోపం ఉంది నాయనా, తిట్టే ఓపికా ఉంది. కానీ నిన్ను నేనెరగను. నువ్వు నీ చెట్లు చూసుకున్నావు. మీ అక్కని ఎరుగుదును" అని ఆగిపోయారు.  పెట్టెలు వెనక్కి తెప్పించడానికి ప్రయత్నం చేస్తానన్నాను. "మళ్లీ మొదలెట్టే వయసు ఆ నాలుగు నెలల్లో అయిపోయింది" అన్నారు.

ఇంటికొచ్చి జరిగిందంతా నీ మరదలికి చెప్పాను.  ఆ రాత్రి అన్నం ఎదురుగా కూర్చుని వడ్డించింది.

నువ్వు వెళ్లక్కా. ఆయన రమ్మనలేదు. రావద్దనీ అనలేదు.

నీ తమ్ముడు


కుట్టుమిషన్ల షాపు పైన గది,
శుక్రవారం.

తమ్ముడూ,

వెళ్లాను.

మెట్లెక్కుతూ ఏమేం చెప్పాలో అనుకుంటూనే వెళ్లాను. నాలుగో అంతస్తు చేరేసరికి ఒక్క ముక్క మిగల్లేదు. నా అడుగుల చప్పుడుకే పోల్చుకున్నారు. "కూర్చో" అన్నారు. ఎప్పుడూ "కూర్చోమ్మా" అనేవారు.

"తప్పు చేశానండీ. మీకు తెలుసు. మావాడు చెప్పాడు. ఒక్కడే తమ్ముడని..." అంటూ మొదలుపెట్టాను.

"అది సరేలే" అని ఆపేశారు. క్షమించిన గొంతు కాదురా అది. విననక్కర్లేదన్న గొంతు.

 కూతురు మంచినీళ్లు పెట్టి లోపలికెళ్లింది. చివరికి ఆయనే, "ఆ రెండు పెట్టెలూ ఎలా ఉన్నాయి?" అన్నారు.

చెప్పాను. ఒకటి బాగుంది. రెండోదానికి పది రోజులుగా పుప్పొడి రావడం లేదు, గుమ్మం దగ్గర ఈగలు పనిలేనట్టు అటూ ఇటూ తచ్చాడుతున్నాయి, మూత తీస్తే లోపల ఏడుపులాంటి మోత వస్తోంది. రాణి పోయినట్టుంది. పోవడానికి కారణం నేనే అయ్యుండొచ్చు, కిందటి వారం చట్రం తీస్తుంటే చేయి జారి నలిపేశానేమో. అదీ చెప్పాను. గుమ్మం ముందు ఎన్ని చచ్చిపడి ఉన్నాయో చెప్పాను. కళ్లు మూసుకుని విన్నారు. అరుగు మీద వినేటప్పటిలాగే తల కొద్దిగా పక్కకి వాల్చి విన్నారు. ఒక్క క్షణం నాకు అంతా సర్దుకుందేమో అనిపించింది.

నేను ఆపాక కళ్లు తెరిచారు.

"అన్నీ చెప్పావా?"

"అన్నీ చెప్పానండీ."

"ఏదీ వదల్లేదుగా?"

ఎగతాళికి అడగలేదురా. ఎత్తిపొడుపూ కాదు. చూపు లేని మనిషి మెట్టు దిగేముందు కాలితో తడుముకుంటాడే, అలా అడిగారు. వదల్లేదండీ అన్నాను. నా గొంతు నాకే అబద్ధంలా వినబడింది.

ఆ రెండో పెట్టెని మొదటిదానితో కలిపెయ్యమన్నారు. మధ్యలో కాగితం పరిచి ఒకదాని మీద ఒకటి పెడితే, అవి కాగితాన్ని కొరుక్కుంటూ వారంలో ఒకదాని వాసనకి ఒకటి అలవాటు పడతాయట. వివరంగానే చెప్పారు. చెప్తున్నంతసేపూ మా మధ్య ఏమీ జరగనట్టే ఉంది.

లేచి, "వచ్చే ఆదివారం మళ్లీ వచ్చి ఎలా ఉందో చెప్తానండీ" అన్నాను.

"శ్రమెందుకు? ఉత్తరం రాసి పడెయ్యి" అన్నారు. అని, కిటికీ కేసి మొహం తిప్పుకుని, "మా అమ్మాయి చదివి పెడుతుంది" అన్నారు.

మెట్లు ఎలా దిగానో తెలియదు.

పెట్టెలు నిన్న కలిపాను. ఇవాళ పొద్దున్నుంచి గుమ్మం ముందే కూర్చుని, నీకంటే ముందు ఆయనకే రాశాను. ఎన్ని లోపలికెళ్లాయో, ఎన్ని ఊరికే తిరుగుతున్నాయో, ఎన్ని చచ్చాయో, వాటి నాలుకలు ఎలా ఉన్నాయో అన్నీ రాశాను. నాలుగు పేజీలొచ్చింది. అంటించేముందు మూడుసార్లు చదువుకున్నాను, ఏమైనా వదిలానేమోనని.

మీ అక్క